వానలో గూళ్ల బండి జారకుండా: తక్కువ ఖర్చులో మంచి టైర్లు ఎంచుకోవడం ఎట్లా?

ఈ గ్రూపులో ప్రతిసారీ ఆకు, చాకీ, ఊజీ ఈగ, మార్కెట్ రేటు, ఇవే మాట్లాడుకుంటాము. ఈసారి కారు టైర్ల గురించి రాస్తున్నాము. పట్టుపురుగుకూ టైరుకూ ఏం సంబంధం అనుకోవద్దు. నెల రోజులు రాత్రీపగలూ చూసుకున్న పంటను ఒక్క రాత్రిలో మార్కెట్టుకు చేర్చేది ఆ నాలుగు టైర్లే.

మాకు జరిగింది ముందు చెప్తాము. రెండేళ్ల కింద అక్టోబరులో గూళ్లు దించి, మా పాత కారు వెనక సీటు మడిచి సంచులు వేసుకుని రామనగరానికి బయలుదేరినాము. మీకు తెలిసిన దారే. బళ్లారి, చళ్లకెర, హిరియూరు, తుమకూరు, బెంగళూరు దాటి సుమారు 350 కిలోమీటర్లు. ఎండలో గూళ్లు వేడెక్కుతాయని రాత్రిపూటే పోతాము. చళ్లకెర దాటినాక తుంపర మొదలైంది. పెద్ద వాన కూడా కాదు. ముందు పోయే లారీ బ్రేకు వేసింది, మేమూ వేసినాము. మా కారు వెనక భాగం పక్కకు తిరిగింది. ఏం జరుగుతుందో తెలిసేలోపల రోడ్డు దిగి బురదలో ఉన్నాము.

దేవుడి దయ, తమ్ముడికి మోచేయి గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏం కాలేదు. వెనక డోరు తెరుచుకుని మూడు సంచులు నీళ్లలో పడినాయి. ట్రాక్టరు తెప్పించి కారు పైకి లాగి మార్కెట్టు చేరేసరికి ఆ రోజు వేలం అయిపోయింది. గూళ్లు ఇంకో వారం ఆగే సరుకు కాదు కదా. పురుగు గూడు కట్టడం మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకు చిలుకై గూడు చీల్చుకుని బయటికి వస్తుంది. తడిసినవి వేరు చేసి మిగిలినవి మరుసటి రోజు అమ్మినాము. రీలరు చేయి పెట్టి చూసి తేమ ఉందన్నాడు. రేటు తగ్గింది. కాదని ఎట్లా అంటాము?

ఇందులో మాకు అర్థం కానిది ఒకటే. ఆ కారు వెనక టైర్లు గుండు టైర్లు కావు. ఐదు నెలల ముందే ఒక అంగడిలో సెకండ్ హ్యాండులో కొన్నవి. గాడులు నిండుగా ఉన్నాయి, నల్లగా మెరుస్తున్నాయి. కొత్త టైరు ధరలో మూడో వంతుకే వచ్చినాయని సంతోషపడినాము. తర్వాత ఒక మెకానిక్కు టైరు పక్కన ఉన్న అంకెలు చూపించినాడు. అవి తయారై తొమ్మిదేళ్లు అయింది. గోరుతో నొక్కితే రాయిని నొక్కినట్టుంది. పైన పటారం, లోన లొటారం.

అప్పటి నుంచి టైర్ల గురించి అడిగి, చూసి, కొన్ని నేర్చుకున్నాము. తడి రోడ్డు మీద టైరుకు పట్టు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి గాడి, ఇంకోటి రబ్బరు. మనం గాడి ఒక్కటే చూస్తాము.

గాడి పని నీళ్లను పక్కకు తోసేయడం. రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు టైరు వాటిని చీల్చి కింద తారును తాకాలి. గాడి లోతు చాలకపోయినా, వేగం ఎక్కువైనా నీళ్లు పోయే టైము ఉండదు. చెరువు మీద పల్చటి రాయి విసిరితే మునగకుండా ఎట్లా ఎగిరెగిరి పోతుందో, కారు కూడా అట్లే నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు వేసినా కారు మన మాట వినదు. స్టీరింగు ఉన్నట్టుండి తేలికైనట్టు అనిపిస్తే అదే గుర్తు. కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీసి, స్టీరింగు నేరుగా పట్టుకుని వేగం తగ్గేదాకా ఓపిక పట్టాలి. కంగారుపడి బ్రేకు తొక్కకూడదు.

కొత్త కారు టైరుకు గాడి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి లోపల అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే ఆ హద్దుకు వచ్చినట్టే. కానీ అది చట్టం హద్దు. వానలో 3 మిల్లీమీటర్ల నుంచే పట్టు బాగా తగ్గుతుంది. పిల్లల దగ్గర స్టీలు స్కేలు ఉంటుంది కదా, అంచు నుంచే సున్నా మొదలయ్యేది. దాన్ని గాడిలో నిలబెట్టి చూడండి. మధ్యలో ఒకసారి, రెండు అంచుల దగ్గర ఒకసారి. అంచులు మాత్రమే అరిగితే గాలి తక్కువ పెట్టి నడిపినట్టు, మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్టు. ఒకే పక్క అరిగితే అలైన్‌మెంట్ చూపించాలి.

ఇక రబ్బరు. మేము దెబ్బతిన్నది ఇక్కడే. రబ్బరు మెత్తగా ఉంటేనే తారులోని సన్న గరుకును పట్టుకుంటుంది. ఎండకు, వేడికి, ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడిపోతుంది. కోసి రెండు రోజులు పెట్టిన మల్బరీ ఆకు లాగా. చూడడానికి ఆకే, పురుగు మాత్రం ముట్టదు. మన బళ్లారి సీమలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. మన కార్లు తిరిగేది కూడా తక్కువే, తోటకు, ఊర్లోకి, రెండు నెలలకోసారి మార్కెట్టుకు. అందుకే మన టైర్లు అరగకముందే ముసలివి అవుతాయి. ఏడాదంతా పొడి రోడ్డు మీద ఆ సంగతి బయటపడదు. సెప్టెంబరు, అక్టోబరులో వాన పడే ఆ నాలుగు రోజుల్లోనే బయటపడుతుంది. మనం గూళ్లు వేసుకుని పోయేది కూడా ఆ రోజుల్లోనే అయితే?

కాబట్టి టైరు కొనేటప్పుడు మొదట తేదీ చూడండి. గుడ్ల కార్డు మీద తేదీ చూడకుండా చాకీ కట్టం కదా, ఇదీ అంతే. టైరు పక్కన డాట్ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. ఒక పక్కన కనపడకపోతే రెండో పక్కన ఉంటుంది, వంగి చూడాలి. ఆరు నెలల లోపలిది అడగండి, ఏడాది దాటింది ఇస్తే వేరేది తెమ్మనండి. వాడుతున్న టైర్లయితే ఐదేళ్లు దాటినాక ఏడాదికోసారి చూపించమని, పదేళ్లకు గాడి ఎంత ఉన్నా తీసేయమని చాలా కంపెనీలు చెప్తాయి. మన ఎండకు మేమైతే పదేళ్లు ఆగము.

సెకండ్ హ్యాండ్ టైర్లు మేము ఇక కొనము. వాటి వయసు ఒక సమస్య. ఇంకో మోసం కూడా ఉంది. అరిగిన టైరుకు వేడి కత్తితో గాడులు కోసి, నల్ల పాలిష్ కొట్టి అమ్ముతారు. కోసిన చోట రబ్బరు పల్చనై లోపలి దారాలు దగ్గరికి వస్తాయి, వేగంలో పగిలే ప్రమాదం. ఇంకో మాట. 2023 ఏప్రిల్ నుంచి మన దేశంలో కారు టైర్లకు తడి రోడ్డు మీద ఇంత పట్టు ఉండాలని కనీస ప్రమాణం తప్పనిసరి చేసినారు. దాని పేరు ఏఐఎస్-142. అంతకు ముందు తయారైన పాత టైరుకు ఆ భరోసా కూడా ఉండదు.

మరి కొత్తవాటిలో ఏది? ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే, ఎవరిదైనా ఒక్క కంపెనీయే నాలుగైదు రకాలు చేస్తుంది. ఎక్కువ కిలోమీటర్లు నడిచేది ఒక రకం, మెత్తగా ఉండి పట్టు బాగుండేది ఇంకో రకం. మనం అంగడికి పోయి "ఎక్కువ మైలేజీ వచ్చేది ఇవ్వప్పా" అంటాము, వాళ్లు గట్టి రబ్బరుది ఇస్తారు. అడగాల్సింది "వానలో బ్రేకు బాగా పట్టేది ఏది?" అని. రబ్బరులో సిలికా ఎక్కువ కలిపిన టైర్లు తడిలో బాగా పడతాయి, అది ఉందా అని అడగండి. కొన్ని టైర్ల పక్కన ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని రాసి ఉంటుంది. ట్రాక్షన్ అంటే తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేస్తే ఎంత పడుతుందనేది. డబుల్ ఏ అన్నిటికంటే మేలు, తర్వాత ఏ, బీ, సీ. ఏ కంటే తక్కువది తీసుకోవద్దు. మలుపుల్లో పట్టు గురించి ఆ అక్షరం ఏమీ చెప్పదు, అది గుర్తుంచుకోండి. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదైతే ఎక్కువ రోజులు అరగదని. ఇక ఫ్యాన్లకు, ఫ్రిజ్జులకు ఉన్నట్టు టైర్లకూ స్టార్ల గుర్తు వచ్చింది. ఆ స్టార్లు పెట్రోలు, డీజిల్ పొదుపుకు. ఐదు స్టార్లు ఉందని వానలో కూడా ఐదు స్టార్లే అనుకోవద్దు.

లావు బటన్ల టైరు బురదలో బాగుంటుంది కాబట్టి వానకూ అదే మంచిదని మా ఊర్లో చాలామంది అంటారు. బురద పట్టు వేరు, తడి తారు పట్టు వేరు. తారు రోడ్డు మీద పెద్ద దిమ్మెల కంటే సన్న సన్న గాట్లు ఎక్కువ ఉన్న రోడ్డు టైరే మేలు. వెడల్పు టైరు వేయించాలనే మోజు కూడా వద్దు. వెడల్పు ఎక్కువైతే నీళ్ల మీద తొందరగా తేలుతుంది. డ్రైవరు డోరు దగ్గర అంటించిన చీటీలో ఏ సైజు ఉందో అదే తీసుకోండి. 165/80 R14 85T అని ఉంటే చివరి 85ను బరువు అంకె అంటారు, ఒక టైరు 515 కిలోలు మోస్తుందని. దానికంటే తక్కువ అంకె ఉన్నది ఇస్తే తిప్పి పంపండి.

ధర లెక్క మేము ఇట్లా వేసుకున్నాము. ఒక రకం 3,600, దానికంటే పట్టున్నది 4,400 అనుకుందాము. నాలుగు టైర్లకు తేడా 3,200 రూపాయలు. 40,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 8 పైసలు. రామనగరం పోయి రావడం 700 కిలోమీటర్లు, అంటే 56 రూపాయలు. దారిలో ఇద్దరు టిఫిను తిన్న ఖర్చు కూడా కాదు. ఇటు పక్క చూడండి. 200 గుడ్లకు 130 కిలోల గూళ్లు వచ్చినాయనుకోండి, తేమ ఉందని కిలోకు 25 రూపాయలు తగ్గిస్తే 3,250 పోయినట్టు. ఒక్క లాటులోనే. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అసలు ధర 3,500 ఉన్న టైరుకు అది 350 రూపాయల తేడా. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, రేపు టైరు ఉబ్బితే వారంటీకి అదే ఆధారం.

నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేదా? మాకూ లేకపోయింది. రెండే కొన్నాము. రెండు కొత్తవైతే ముందు వేయాలా వెనక వేయాలా? మేము ముందుకే అనుకున్నాము, ఇంజను అక్కడే ఉంది, తిరిగేవీ అవే కదా అని. కాదు, వెనకకు వేయాలి. ముందు టైర్లు జారితే కారు నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే మళ్లీ చేతికి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది, మనలాంటి వాళ్లు పట్టుకోలేరు. చళ్లకెర దగ్గర మాకు జరిగింది అదే. పైగా గూళ్ల సంచులు చూడడానికి కారు నిండా ఉంటాయి గానీ బరువు తక్కువ, వెనక టైర్ల మీద పెద్దగా ఒత్తిడి పడదు. ఖాళీ పికప్ బండి నడిపే వాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు.

మన నల్లరేగడి గురించి చెప్పకపోతే తప్పు. తోట దారిలో నుంచి తారు రోడ్డు ఎక్కేసరికి గాడులన్నీ మట్టితో పూడిపోయి ఉంటాయి. పదివేల టైరైనా అప్పుడు గుండు టైరే. రోడ్డు ఎక్కేముందు ఆగి పుల్లతో గీకి, మొదటి కిలోమీటరు మెల్లగా పోండి. వాన మొదలైన మొదటి పది పదిహేను నిమిషాలు కూడా అట్లాంటివే. దుమ్ము, లారీల నూనె, ట్రాక్టర్లు రాల్చిన మట్టి అన్నీ కలిసి రోడ్డు సబ్బు పూసినట్టుంటుంది. గట్టిగా కురిసి కడిగేసినాక కొంచెం నయం. కారులో ఏబీఎస్ ఉందని ధీమా వద్దు. చక్రం బిగుసుకోకుండా చూడడమే దాని పని, లేని పట్టును అది తెచ్చి ఇవ్వదు. 80లో పోయేవాళ్లు 60కి తగ్గిస్తే బ్రేకు వేసినాక ఆగే దూరం సగానికి దగ్గరగా తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

గాలి మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఇంటికి దగ్గర పంక్చరు అంగడిలోనే పట్టించండి. వంద కిలోమీటర్లు పోయి వేడి టైరుకు చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీకి కూడా పట్టించండి, దాని తేదీ కూడా చూడండి. మా స్టెప్నీ కారుతో పాటు వచ్చిందే, అంటే అదీ ముసలిదే. అది ఇంకా మార్చలేదు, వచ్చే పంటకు మార్చాలి.

చివరగా టైము. కొత్త టైరు మీద తయారీ అప్పటి జిడ్డు పొర ఉంటుంది, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొంచెం జారుతుంది. అందుకని మార్కెట్టుకు పోయే రోజు పొద్దున టైర్లు మార్చొద్దు. పురుగులు మూడో జ్వరంలో ఉన్నప్పుడు మేపు ఉండదు, చేతికి కొంచెం తీరిక దొరుకుతుంది. మేము ఆ రోజే బళ్లారి పోయి వేయించుకుంటాము. నాలుగో జ్వరం లేచి పెద్ద మేపు మొదలైనాక ఇల్లు కదిలే పని ఉండదు, అది మీకు చెప్పే పని లేదు.