ఉయ్యాల గొలుసుకి చింతపండు స్నానం

ఆ ఎర్ర మరక గౌనుకి తుడవకు చిట్టితల్లీ, ఇలా నా తువ్వాలుకి తుడుచుకో. ఉయ్యాల గొలుసు తుప్పు అది. ఈ వానాకాలమంతా మన మణికొండ బాల్కనీలో జల్లుకి తడిసింది కదా.

అచ్చం ఎర్రమట్టిలా లేదూ? రెండూ దగ్గరి చుట్టాలే. బయ్యారం గుట్టల్లో ఇనుము రాయిగా ఉంటుంది, ఆక్సిజన్‌తో పెనవేసుకుని. కొలిమిలో బొగ్గు ఆ ఆక్సిజన్‌ని లాగేసుకుంటేనే ఇనుము చేతికొస్తుంది. నీరూ గాలీ కలిసి తగిలాయంటే మళ్ళీ పాత స్నేహమే. అల్యూమినియం గిన్నెకీ ఇలాంటి పొర పడుతుంది, కానీ అది గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాదు. ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు కావాలి దానికి, అందుకే ఉబ్బి, పెచ్చులూడి, కింది ఇనుముని మళ్ళీ గాలికి వదిలేస్తుంది.

ఢిల్లీ ఇనుప స్తంభం మాత్రం 1600 ఏళ్ళుగా నిలబడే ఉంది. ఆరు టన్నుల చేత ఇనుము! అందులో భాస్వరం ఎక్కువ ఉండటం వల్ల పైన కాపాడే పొర ఏర్పడిందని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు బాలసుబ్రమణ్యం వివరించారు. ఆ కమ్మరులను తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇప్పుడు షాపుల్లో రాట్ ఐరన్, అంటే చేత ఇనుము, అని అమ్మే గేట్లూ గ్రిల్సూ చాలావరకు మామూలు మైల్డ్ స్టీలే. అసలు చేత ఇనుములో చిట్టెం పీచులు పీచులుగా ఉంటుంది.

సరే, మన పని. ముందు తీగల బ్రష్‌తో పెచ్చులు రాల్చాలి. కళ్ళజోడు పెట్టుకో, ముక్కుకి గుడ్డ కట్టుకో. తర్వాత గొలుసుని చిక్కటి చింతపండు పులుసులో నానబెడదాం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పులోని ఇనుముని పట్టుకుని నీళ్ళలోకి లాగుతుంది. గంటకోసారి తీసి రుద్దుదాం. మరీ వదిలేస్తే ఆమ్లం మంచి ఇనుముని కూడా తినేస్తుంది. వెనిగరైనా పనికొస్తుంది కానీ, బాత్రూం కడిగే బ్లీచింగ్‌ని దాంతో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఆ తర్వాత తినేసోడా నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి, ఎండలో వేడెక్కేదాకా ఆరబెట్టాలి. తడి ఉంటే సాయంత్రానికే మళ్ళీ ఎరుపెక్కుతుంది. మా నాన్న ఆముదం రాసేవారు. అది ఆరదు, బట్టలకి అంటుతుంది. అవిసె నూనె పలచగా రాస్తే గాలికి ఆరి పొరకడుతుంది. నూనె గుడ్డని మాత్రం ఉండచుట్టి పారెయ్యకు, తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి బయట ఆరేద్దాం. గ్రిల్‌కైతే రెడ్ ఆక్సైడ్ పూసి పైన రంగు వేస్తారు. ఆ ఎర్రరంగు పొడీ ఇనుప ఆక్సైడే!

చివరగా, లంకెలు ఒకదానికొకటి రాసుకునే చోట ప్రతిదీ వేలితో తడిమి చూద్దాం. ఒక్కటి సన్నబడినా ఈ గొలుసుకి నిన్ను అప్పగించను. దానికి తులసి కుండీ వేలాడదీద్దాం.