వరంగల్ త్రినగరిలో సిటీ బస్సు: నిరీక్షణ తగ్గించడమే ప్రణాళికకు గీటురాయి

నగరాలలో సామాన్యుని వాహనం బస్సు. సొంత వాహనం లేని కూలీ, కళాశాలకు వెళ్లే విద్యార్థి, ఆసుపత్రికి చేరవలసిన రోగి, అతనికి తోడుగా వచ్చిన బంధువు, అంగడి ముగించుకుని ఇల్లు చేరవలసిన చిరువ్యాపారి, వీరందరి దైనందిన జీవితం బస్సు రాకపోకలతో ముడిపడి ఉంటుంది. రాజధానిలో మెట్రో రైలు, ఎంఎంటీఎస్ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. జిల్లా కేంద్రాలైన నగరాలలో బస్సు తప్పితే మిగిలేది ఆటో మాత్రమే.

బస్సు సేవల మెరుగుదల అనగానే కొత్త బస్సుల సంఖ్య చర్చకు రావడం పరిపాటి. స్టాపులో నిలబడిన ప్రయాణికుడు మాత్రం ఒకే ప్రశ్న వేసుకుంటాడు: బస్సు ఎన్ని నిమిషాలకు వస్తుంది? ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం ఇవ్వడమే నగర బస్సు ప్రణాళిక అసలు లక్ష్యం. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలసిన త్రినగరిని ఉదాహరణగా తీసుకుంటే ఈ ప్రణాళికను రూపొందించే తీరు సులభంగా బోధపడుతుంది.

త్రినగరి స్వరూపం

2011 జనాభా లెక్కల ప్రకారం వరంగల్ నగర జనాభా ఆరు లక్షలకు పైబడి ఉంది. 2015లో నగర పాలక సంస్థ గ్రేటర్ హోదా పొందింది. చుట్టుపక్కల గ్రామాలు విలీనం కావడంతో నగర పరిధి మరింత విస్తరించింది.

ఈ నగరానికి ఒక విశిష్టత ఉంది. కాజీపేట, హనుమకొండ, వరంగల్ దాదాపు ఒకే రహదారి వెంట వరుసగా వెలసిన పట్టణాలు. పడమట సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్ష మార్గాలను కలిపే కాజీపేట రైల్వే జంక్షన్ ఉంది. అక్కడి నుంచి హనుమకొండకు వచ్చే దారిలో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా ప్రారంభమై, అనంతర కాలంలో జాతీయ సాంకేతిక విద్యా సంస్థగా రూపాంతరం చెందిన నిట్ ఉంది. నగర మధ్యభాగంలో హనుమకొండ చౌరస్తా, ప్రధాన బస్ స్టేషన్ ఉన్నాయి. ఉత్తర తెలంగాణ జిల్లాల పేదలకు పెద్ద దిక్కయిన మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి, అంటే అందరూ పిలిచే ఎంజీఎం, వరంగల్ వైపు ఉంది. ఆ పైన వరంగల్ చౌరస్తా, రైల్వే స్టేషన్ వస్తాయి. 1976లో స్థాపితమైన కాకతీయ విశ్వవిద్యాలయం, మిర్చి, పత్తి క్రయవిక్రయాలకు పేరెన్నికగన్న ఏనుమాముల మార్కెట్ యార్డు, కోట ప్రాంతం ఈ ప్రధాన రహదారికి ఇరువైపులా కొంత దూరంలో ఉన్నాయి.

నగరం ఇలా పొడవుగా విస్తరించి ఉండడం బస్సు ప్రణాళికకు అనుకూలమైన అంశం. అత్యధికుల ప్రయాణంలో ఏదో ఒక భాగం ఈ ప్రధాన రహదారి మీదుగానే సాగుతుంది.

ప్రమాణాలు ఏమి చెబుతున్నాయి

వాహనాలకన్న మనుషుల రాకపోకలకే ప్రాధాన్యం ఇవ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం నిర్దేశించింది. దీనికి అనుగుణంగా కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2009లో సేవా స్థాయి ప్రమాణాలను రూపొందించింది. వాటి ప్రకారం ప్రతి వెయ్యి మంది జనాభాకు 0.6 లేదా అంతకు మించి బస్సులు ఉన్న నగరం మొదటి స్థాయికి చెందుతుంది. 0.2 కన్న తక్కువ ఉన్న నగరం నాలుగవ స్థాయిలో ఉంటుంది. ఆరు లక్షల జనాభాకు మొదటి స్థాయి లెక్క కడితే 360 బస్సులు అవసరమవుతాయి.

అవే ప్రమాణాలలో ప్రయాణికుని సగటు నిరీక్షణ సమయం కూడా ఒక కొలమానం. నాలుగు నిమిషాల లోపు ఉంటే మొదటి స్థాయి, ఆరు నిమిషాల లోపు రెండవ స్థాయి, పది నిమిషాల లోపు మూడవ స్థాయి, పది నిమిషాలు దాటితే నాలుగవ స్థాయి. బస్సుల సంఖ్యను పెంచడానికి నిధులు, కాలం కావాలి. నిరీక్షణను తగ్గించే పని మాత్రం ఉన్న బస్సులతోనే ఆరంభించవచ్చు.

తొమ్మిది బస్సుల లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. కాజీపేట నుంచి హనుమకొండ మీదుగా వరంగల్ స్టేషన్ వరకు సుమారు 12 కిలోమీటర్ల మార్గం. స్టాపులలో ఆగుతూ గంటకు సగటున 18 కిలోమీటర్ల వేగంతో నడిచే బస్సు 40 నిమిషాలలో గమ్యం చేరుతుంది. రెండు చివరలా ఐదేసి నిమిషాలు ఆగితే ఒక రౌండు పూర్తి కావడానికి 90 నిమిషాలు పడుతుంది. ఈ మార్గంలో తొమ్మిది బస్సులు నడిపితే ప్రతి పది నిమిషాలకు ఒక బస్సు లభిస్తుంది. వేళ చూసుకోకుండా స్టాపుకు వచ్చిన ప్రయాణికుడు సగటున ఐదు నిమిషాలు వేచి ఉంటే సరిపోతుంది. అంటే ఆ మార్గం వరకు రెండవ స్థాయి సేవ అందినట్లే.

అవే తొమ్మిది బస్సులను ఇంచుమించు అంతే పొడవున్న తొమ్మిది మార్గాలకు ఒక్కొక్కటి చొప్పున పంచితే ఏమవుతుంది? ప్రతి మార్గంలో 90 నిమిషాలకు ఒక బస్సు వస్తుంది. సగటు నిరీక్షణ 45 నిమిషాలు. కాగితం మీద తొమ్మిది ప్రాంతాలకు బస్సు సౌకర్యం కల్పించినట్లు కనిపిస్తుంది. ఆచరణలో ముప్పావు గంట వేచి ఉండగలిగే వారు అరుదు గనుక ప్రయాణికులు షేర్ ఆటో ఎక్కుతారు. బస్సు ఖాళీగా తిరుగుతుంది. ఆదాయం లేదన్న కారణంతో కొంత కాలానికి ఆ ట్రిప్పు రద్దవుతుంది.

అందువలన పరిమిత సంఖ్యలో బస్సులు ఉన్న నగరంలో ముందుగా ప్రధాన మార్గంలో నిలకడైన సేవ నెలకొల్పి, దానికి అనుబంధ మార్గాలను జోడించడం మేలైన పద్ధతి. ఐదు కిలోమీటర్ల అనుబంధ మార్గంలో పోను ఇరవై, రాను ఇరవై నిమిషాలు, విరామం పది నిమిషాలు కలిపి రౌండుకు 50 నిమిషాలు పడితే, రెండు బస్సులతో ప్రతి 25 నిమిషాలకు ఒక సర్వీసు నడపవచ్చు. అనుబంధ బస్సు వేళలు స్థిరంగా ఉండి, స్టాపులో స్పష్టంగా రాసి ఉంటే ప్రయాణికుడు ఆ వేళకే ఇంటి నుంచి బయలుదేరగలడు.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది లేకపోలేదు. ఇంతవరకు కాలనీ నుంచి నేరుగా గమ్యం చేరిన వారు మధ్యలో బస్సు మారవలసి వస్తుంది. సామానుతో ఉన్నవారికి, వృద్ధులకు, రోగులకు ఇది భారమే. కనుక బస్సు మారే చోట రోడ్డు దాటవలసిన అవసరం లేకుండా స్టాపులను పక్కపక్కనే ఏర్పాటు చేయడం, రెండు బస్సులకు ఒకే టికెట్ చెల్లేలా చూడడం, ఎంజీఎం వంటి ఆసుపత్రులకు ఉదయం ఓపీ వేళలలో నేరుగా వెళ్లే కొన్ని ట్రిప్పులను కొనసాగించడం ప్రణాళికలో భాగం కావాలి.

కూడళ్లలో పోయే సమయం

పై ఉదాహరణలోనే వాహనాల రద్దీ వలన ఒక్కొక్క దిశలో పది నిమిషాల జాప్యం జరిగిందనుకుందాం. రౌండు సమయం 90 నుంచి 110 నిమిషాలకు పెరుగుతుంది. అదే పది నిమిషాల వ్యవధి నిలుపుకోవాలంటే తొమ్మిదికి బదులు 11 బస్సులు కావాలి. అంటే కూడళ్లలో ఆ పది నిమిషాలు ఆదా చేయడం రెండు కొత్త బస్సులు సమకూర్చుకోవడంతో సమానం. స్టాపుల ఎదుట ఆటోలు, కార్లు నిలపకుండా చూడడం, కూడలికి ఆనుకుని ఉన్న స్టాపును కొంత ముందుకు జరపడం, బస్ బేలు నిర్మించడం తక్కువ వ్యయంతో సాధ్యమయ్యే పనులు.

ఒకే నంబరు బస్సులు రెండు వెంటవెంటనే వచ్చి, ఆపై చాలాసేపు ఒక్కటీ రాకపోవడం ప్రయాణికులందరికీ అనుభవమే. ఆలస్యమైన బస్సు కోసం ప్రతి స్టాపులోనూ ఎక్కువ మంది చేరుతారు. వారిని ఎక్కించుకోవడంలో అది మరింత వెనుకబడుతుంది. వెనుక బస్సుకు ప్రయాణికులు తక్కువై, త్వరగా వచ్చి ముందు బస్సును కలుసుకుంటుంది. హనుమకొండ వంటి మధ్య కేంద్రంలో కంట్రోలర్ బస్సుల మధ్య ఎడం సరిచేసి పంపితే ఈ సమస్య చాలా వరకు తీరుతుంది.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి

ప్రణాళికకు ఆధారం ప్రయాణికుల లెక్క. కండక్టర్ల చేతిలోని టికెట్ యంత్రాలలో ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి, ఏ వేళలో ఎందరు ప్రయాణించారన్నది నమోదవుతుంది. 2023 డిసెంబర్ 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం కింద మహిళలకు జారీ చేసే జీరో టికెట్లు కూడా ఇందులో నమోదవుతాయి. ఇంతకుముందు ఛార్జీ భారానికి వెరచి నడిచి వెళ్లిన వారు, ప్రయాణమే మానుకున్న వారు సైతం ఇప్పుడు లెక్కలోకి వస్తున్నారు. పాత రద్దీని బట్టి తయారైన టైం టేబుళ్లను సవరించడానికి ఈ వివరాలు తోడ్పడతాయి.

అయితే బస్సు ఎక్కినవారి లెక్క మాత్రమే యంత్రం చెబుతుంది. బస్సు లేక ఎక్కని వారి సంగతి దానికి తెలియదు. తెల్లవారుజామున ఏనుమాముల యార్డుకు చేరవలసిన హమాలీలు, మహిళా కూలీలు, రాత్రి షిఫ్టు ముగించుకున్న ఆసుపత్రి సిబ్బంది, రాత్రి రైలు దిగిన ప్రయాణికులు ఈ కోవకు చెందుతారు. వీరి అవసరం తెలుసుకోవాలంటే మార్కెట్ వద్ద, ఆసుపత్రి వద్ద, విద్యాసంస్థల వద్ద స్వయంగా విచారించాలి. మొదటి బస్సు, చివరి బస్సు వేళలను నిర్ణయించేటప్పుడు ఆ ట్రిప్పుల ఆదాయం ఒక్కటే ప్రాతిపదిక కారాదు. రాత్రి తిరుగు బస్సు ఉందన్న భరోసా లేనివారు పగటి బస్సును కూడా నమ్ముకోరు.

పల్లెల నుంచి నగరానికి వచ్చే పల్లెవెలుగు బస్సులు సైతం ప్రధాన రహదారిపై నగర ప్రయాణికులను చేరవేస్తాయి. సిటీ బస్సుల వేళలను వీటితో సమన్వయపరిస్తే ఉన్న బస్సులతోనే అదనపు సౌకర్యం లభిస్తుంది. షేర్ ఆటోలు కాలనీల లోపలి వీధుల నుంచి బస్ స్టాపుకు ప్రయాణికులను చేర్చే అనుబంధ వాహనాలుగా మారితే ఆటో డ్రైవర్ల జీవనోపాధికి భంగం కలగదు, ప్రధాన రహదారిపై రద్దీ తగ్గుతుంది.

స్టాపు, మెట్టు, వర్షం

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 రవాణా సౌకర్యాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. కేంద్రం రూపొందించిన పట్టణ బస్సు ప్రమాణాలలో బస్సు లోపలి అంతస్తు ఎత్తును 400, 650, 900 మిల్లీమీటర్లుగా వర్గీకరించారు. ఎత్తు తగ్గిన కొద్దీ వృద్ధులు, గర్భిణులు సునాయాసంగా ఎక్కగలుగుతారు, స్టాపులో బస్సు ఆగే సమయం కూడా తగ్గుతుంది. నీడ, దీపం, మార్గాల వివరాలు తెలిపే తెలుగు బోర్డు ప్రతి ప్రధాన స్టాపులోనూ ఉండవలసిన కనీస వసతులు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన భారీ వర్షాలకు నగరంలోని లోతట్టు ప్రాంతాలు జలమయమైన దృష్ట్యా, వానాకాలంలో అనుసరించవలసిన ప్రత్యామ్నాయ మార్గాలను ముందే నిర్ణయించి డిపోలకు తెలియజేయడం అవసరం.

సమన్వయమే కీలకం

బస్సులు నడిపేది ఆర్టీసీ. స్టాపులు, షెల్టర్లు, వీధి దీపాలు నగర పాలక సంస్థ బాధ్యత. కూడళ్ల నియంత్రణ పోలీసు శాఖది. నగర విస్తరణ ప్రణాళిక కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోనిది. 2021 నుంచి నగరం హనుమకొండ, వరంగల్ జిల్లాల మధ్య విస్తరించి ఉన్నందున ఇరు జిల్లాల యంత్రాంగానికీ ఇందులో పాత్ర ఉంది. ఈ శాఖలన్నీ ఒకే పట్టికను ఎదుట ఉంచుకుని, ఏ పని ఎవరిది, ఎప్పటిలోగా అన్నది నిర్ణయించుకున్నప్పుడే ప్రణాళిక కార్యరూపం దాల్చుతుంది.

నిధుల విషయానికి వస్తే, 2023 ఆగస్టులో కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవా పథకం 3 లక్షలు, ఆపైన జనాభా గల నగరాలకు ఉద్దేశించినది. దీని కింద 10,000 విద్యుత్ బస్సుల నిర్వహణకు పదేళ్లపాటు తోడ్పాటు లభిస్తుంది. విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టే ఏ నగరమైనా ఛార్జింగ్‌కు పట్టే సమయాన్ని, డిపో నుంచి మార్గం వరకు ఖాళీగా నడిచే దూరాన్ని టైం టేబుల్‌లో ముందుగానే చేర్చుకోవలసి ఉంటుంది.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో ప్రారంభమైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేక సంస్థ ఆవిర్భవించింది. తొమ్మిది దశాబ్దాల ఈ ప్రస్థానంలో ఆర్టీసీకి తరగని ఆస్తి ప్రయాణికుల నమ్మకం. నగర బస్సు వేళలపై, స్టాపులపై ప్రయాణికులు తమ సూచనలను స్థానిక డిపో మేనేజర్ల దృష్టికి తీసుకువెళ్లడం ద్వారా, స్టాపుల ఎదుట వాహనాలు నిలపకుండా సహకరించడం ద్వారా ఈ సేవల మెరుగుదలలో భాగస్వాములు కావచ్చు.