పోరుమామిళ్ళ చెరువు శాసనం: జలదానం, జీవరాశి - ఒక పరిశీలన

1. ప్రవేశిక:
బ్రహ్మంగారిమఠానికి ఉత్తరాన, కొండల నడుమ కట్టిన ప్రాచీన జలాశయం పోరుమామిళ్ళ చెరువు. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుండి పాలించిన భాస్కర భవదూర క్రీ.శ. 1369లో (శక సంవత్సరం 1291) దీనిని నిర్మింపజేసినట్లు అక్కడి సంస్కృత శాసనం తెలుపుతోంది. శాసనంలో దీని పేరు అనంతరాజసాగరం. వి.ఎస్. సుక్తాంకర్ ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటిలో పరిష్కరించి ప్రచురించారు. చెరువుకూ, దాని చుట్టూ ఉన్న జీవరాశికీ గల సంబంధాన్ని శాసనం ఎలా భావించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాసనంలోని జలవిజ్ఞానం:
రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లతో రెండేళ్ళలో పని పూర్తయిందని శాసనం చెబుతుంది. అంతకంటే విలువైనది అందులోని శాస్త్రభాగం. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలి. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రవేత్త, గట్టి నేల, తీయని నీటి నది, దాని ఒడ్డున కొండ, కొండల మధ్య దృఢమైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, సమీపంలో రాతిగని, సారవంతమైన పొలాలు, నేర్పరులైన పనివారు వాటిలో ముఖ్యమైనవి. దోషాలు ఆరు. కట్టనుండి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం.

ఈ దోషాలన్నీ కట్టకు, సాగుకు, పాలనకు సంబంధించినవే. అయితే జలదానాన్ని స్తుతించే భాగంలో శాసనకర్త దృష్టి పొలాన్ని దాటుతుంది. చెరువు స్థావర జంగమాలన్నింటినీ పోషిస్తుందనీ, ఆ పుణ్యఫలాన్ని బ్రహ్మ కూడా లెక్కించలేడనీ అంటాడు. లక్ష్యంలో జీవరాశికి చోటు దక్కింది. దోషాల పట్టికలో మాత్రం దక్కలేదు.

3. నేటి అన్వయం:
ఈ లోటు ఆధునిక కాలంలోనూ కనబడుతుంది. బ్రహ్మంగారిమఠం వద్ద తెలుగుగంగ పథకంలో నిర్మించిన బ్రహ్మంసాగర్ ఎంతో మెట్టభూమికి నీరిచ్చే జలాశయం. దానికి సమీపంలోని లంకమల అడవుల ముళ్ళపొదల్లో కలివికోడి ఉంటుంది. 1900 తరువాత అంతరించిందనుకున్న ఈ నిశాచర పక్షి 1986లో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర స్థానికుల సాయంతో మళ్ళీ దొరికింది. దీనికి కావలసినది నిండు చెరువు కాదు. పొదల మధ్య ఖాళీ నేల గల మెట్ట. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి రాగా, అభ్యంతరాల అనంతరం కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. ఒక జీవికి ప్రాణమైన నీరే మరొక జీవి నెలవును చెరపగలదన్నమాట.

4. ముగింపు:
కరవు నేల రాయలసీమకు చెరువు అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కాలువ దారి మారినా పథకం ఆగలేదు కనుక, రెండింటికీ చోటు కల్పించడం సాధ్యమేనని తేలుతున్నది. శాసనం చెప్పిన ఆరు దోషాలకు 'ఇతర జీవుల నెలవు చెరపడం' ఏడవదిగా చేర్చుకొంటే, స్థావర జంగమాలను గురించి అది పలికిన మాట సార్థకమవుతుంది.