చాటున సాగిన కలములు

కొరియా దేశపు ధారావాహిక నాటకములు నేడు చేతిఫోనుల మూలమున గోదావరి తీరపు పల్లెలకును వచ్చి చేరినవి. వానిలో నొక కథావస్తువు చిత్రమైనది. చదువుకొను బాలిక పగలెల్ల తరగతిలో అందరివలె పాఠములు వినును. రాత్రి కాగానే మారుపేరుతో నవల వ్రాయును. ఆ సంగతి గురువులకు తెలియరాదు. గుట్టు ఎప్పుడు బయటపడునో యను గుబులునుండియే అందు హాస్యము పుట్టును. చూచువారు కడుపార నవ్వుదురు. నవ్వు ముగిసిన తరువాత మాత్రము ఒక ప్రశ్న మిగులును. కథ వ్రాయుట దొంగతనము కాదు గదా, ఆ పిల్ల యేల దాచవలసి వచ్చినది?

ఇది వట్టి కల్పనయు కాదు. 2001వ సంవత్సరమున ఆ దేశమునందే పాఠశాల విద్యార్థిని యొకతె ‘గ్వియోని’ అను మారుపేరుతో అంతర్జాలమున ప్రేమకథ యొకటి వ్రాసినది. అది పుస్తకమైనది, 2004లో చలనచిత్రమైనది. ఆమెకు పేరుపొందిన విశ్వవిద్యాలయమొకటి ప్రవేశ మీయగా పెద్ద వివాదమే చెలరేగినది. పిల్లల వాడుకమాటలతో, ముఖభావములను చూపు చిహ్నములతో నిండిన ఆ వ్రాత సాహిత్య మగునా, దానివలన భాష చెడదా యని పలువురు అడిగిరి.

ఈ ప్రశ్న మన గోదావరికి క్రొత్తది కాదు. వంద సంవత్సరములకు పూర్వమే ఈ గట్టున ఒక విద్యార్థి దీనిని ఎదుర్కొనెను.

పొలమూరి పిల్లవాడు

తూర్పుగోదావరి జిల్లాలో అనపర్తికి చేరువనున్న పొలమూరు గ్రామమున 1891 ఏప్రిల్ 23వ తేదీన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు జన్మించిరి. వేదము, శ్రౌతస్మార్తములు, జ్యోతిషము తరతరములుగా ఆ యింటి సొత్తు. ఇంటివారికి సంస్కృతమే చదువు. తెలుగు మాటలాడుకొనుటకు మాత్రమే. అది చదువవలసిన భాషయనిగాని, వ్రాయదగిన భాషయనిగాని వారు తలపలేదు. తెలుగు కావ్యము చేతబట్టినవాడు శాస్త్రమునకు దూరమగునను భయము ఆనాటి వైదిక కుటుంబములు పెక్కింట నుండెడిది.

ఇట్టి యింటి పిల్లవాడు తెలుగుమీద మనసుపడినాడు. నాలుకమీద నున్నది సంస్కృత పాఠము. మనసులో నున్నది తెలుగు పలుకు. పెద్దల మెప్పు లేకయే, చాలవరకు తన కృషితోనే, ఆయన తెలుగు కవియై, రచయితయై నిలిచిరి. ఆ పెనుగులాటను ఆయనయే ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అను ఆత్మకథలో చెప్పియున్నారు. తెలుగువాడు తెలుగును పెద్దల ఇష్టమునకు వెలుపల నేర్చుకొనవలసి వచ్చిన ఆ వృత్తాంతము నేటి విద్యార్థికి వింతగా తోచును. కాని ఏ కాలమునందైనను పెద్దలు ‘ఇది చదువు కాదు’ అని గీచిన గీటు ఒకటి యుండనే యుండును. నాడు ఆ గీటుకు ఆవల తెలుగు నిలిచినది. నేడు ఎంట్రన్సు పరీక్షల పుస్తకములకు ఈవల చోటు దొరికినది. ఆవల కథ నిలిచినది.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. ఆ యింట చిన్నచూపు తెలుగు గ్రంథమునకే గాని తెలుగు మాటకు కాదు. తల్లి బిడ్డను పిలిచినది తెలుగుననే. వంటయింటి ముచ్చట్లు, పెరటిలోని గుసగుసలు, వియ్యాలవారి ఎత్తిపొడుపులు, పెద్దముత్తైదువల దీవెనలు అన్నియు తెలుగే. పండితులు చదువులో చేర్చని ఈ పలుకే శాస్త్రిగారికి మూలధనమైనది. తొలుత గ్రాంథికమున వ్రాసిన ఆయన తరువాత వాడుకభాషను చేపట్టిరి. చేపట్టిన పిమ్మట గోదావరి సీమ ఆడువారి మాటతీరును ఆయనవలె పట్టినవారు అరుదు.

‘అరికాళ్లక్రింద మంటలు’ అను కథలో వితంతువైన ఆడపిల్ల పుట్టింటనే పడు యాతన ఇంటిల్లిపాది మాటలలోనే మనకు తెలియవచ్చును. రచయిత నడుమకు వచ్చి వ్యాఖ్యానింపడు. ‘వడ్లగింజలు’ కథకు చదరంగపు పలక రంగస్థలము. ‘గులాబీ అత్తరు’ కథలో ఒక కళాకారుని జీవితకాలపు పరిశ్రమ కోటగుమ్మము దాటి లోనికి పోలేక నిలిచిపోవును. యోగ్యత యున్నవానిని గుమ్మముకడ ఆపివేయు లోకమును శాస్త్రిగారు ఇంత బాగుగా నెరిగియుండుటకు, ఆయన బాల్యముననే అట్టి గుమ్మమొకటి ఎదురైయుండుట కారణము కావచ్చును. ‘ఆత్మబలి’, ‘రక్షాబంధనము’, ‘క్షీరసాగరమథనము’ మొదలగు నవలలును, ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రికయు ఆ కలముననే వెలసినవి.

పందెపు నవల, చాటు నవల

తెలుగున నవలకు పురిటిల్లు రాజమహేంద్రవరమే. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడసాగినది. అటుపిమ్మట న్యాపతి సుబ్బారావు పంతులుగారి ‘చింతామణి’ పత్రిక 1893 మొదలుకొని నవలల పోటీలు పెట్టి బహుమతు లిచ్చినది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ‘రామచంద్ర విజయము’ మున్నగు నవలలతో ఆ బహుమతు లందుకొనిరి. బహుమతులు చేసిన మేలు ధనరూపమున కంటె గౌరవరూపమున నెక్కువ. నవల వ్రాయుట పదిమంది యెదుట తలయెత్తి చేయదగిన పనియని వానివలన లోకమునకు తెలిసినది.

అయినను నవల పూర్తిగా చాటునుండి బయటకు రాలేదు. తణుకున 1912లో జన్మించిన కొవ్వలి లక్ష్మీనరసింహరావుగారు వేయికి పైగా చిన్న నవలలు వ్రాసిరి. అవి చౌకవెలకు రైలుస్టేషనులలో అమ్ముడుపోయెడివి. పాఠ్యపుస్తకముల నడుమ వానిని దాచి చదివిన విద్యార్థులు ఒక తరమంతయు నున్నారు. విమర్శకులు వానిని పెద్దగా లెక్కింపలేదు. కాని అక్షరము నేర్చియు పుస్తకము పట్టని పెక్కుమందికి చదువు రుచి చూపినవి ఆ చౌక నవలలే. చాటున చదివినవారిలో కొందరికి చాటున వ్రాయవలెనను కోరిక పుట్టుట సహజము.

దాచుటకు కారణములు మాత్రము కాలమునుబట్టి మారుచు వచ్చినవి. 1960, 70 దశాబ్దములలో రచయిత్రుల నవలలకు గిరాకి పెరుగగా, కొందరు పురుషులే స్త్రీల పేర్ల చాటున వ్రాసిరి. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ‘పురాణం సీత’ పేరుతో వ్రాసిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ పాఠకు లెరిగినవే. అది పెద్దవారి సరదా. కోరి వేసికొన్న ముసుగు వేరు, భయమువలన వేసికొన్న ముసుగు వేరు. విద్యార్థి ముసుగు రెండవ రకమునకు చెందినది.

కాల్చిన కాగితములు

ఆ భయము ఎంతపని చేయగలదో తెలిసికొనుటకు ఆంగ్లదేశపు ఉదాహరణ మొకటి చాలును. 1752లో జన్మించిన ఫ్రాన్సిస్ బర్నీ చిన్ననాటనే కథలు వ్రాయ మొదలిడినది. నవలలు వ్రాయుట మర్యాదగల ఇంటి ఆడపిల్లకు తగదని ఆనాటి వారి యెన్నిక. పదునైదవ యేట ఆమె తన వ్రాతలనన్నిటిని తానే మంటలో వేసినది. వానిలో ఒక నవలయు నున్నది. కాగితములు కాలినవి గాని కథ మనసున నిలిచినది. ఆ కథకు కొనసాగింపుగా ‘ఎవెలీనా’ నవలను ఆమె రహస్యముగా వ్రాసినది.

ఆమె తండ్రి సంగీత చరిత్రకారుడు. ఆయన గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయునది ఆమెయే గనుక, ఆమె చేవ్రాత ముద్రాపకులు గుర్తుపట్టుదురను భయము కలిగినది. అందుచే తన దస్తూరిని మార్చి నవలనంతయు తిరిగి వ్రాసినది. ఇరువది గినీలకు అమ్ముడుపోయి, 1778 జనవరిలో పేరు లేకయే ఆ నవల వెలువడినది. లండను నగరమంతయు దానిని మెచ్చుకొనిన కొన్ని నెలలకు గాని తండ్రికి సంగతి తెలియలేదు. తెలిసిన పిమ్మట ఆయన కోపింపలేదు, సంతోషించెను. ఏ తండ్రికి వెరచి ఆ పిల్ల ఇన్ని పాట్లు పడినదో ఆ తండ్రియే మురిసిపోయెను. ఒక్కమాట ముందే అడిగియున్నచో ఆ తొలి కాగితములు మిగిలియుండెడివి కదా!

ఒక గురువు చూపు

గోదావరి తీరమున ఆ మాట అడిగిన గురువు ఒకరు లేకపోలేదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆస్వాల్డు కూల్డ్రే దొర ప్రిన్సిపాలుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. విద్యార్థులు పరీక్షలలో ఏమి వ్రాసిరనునది మాత్రమే చూచి ఊరకొనక, పరీక్షలకు వెలుపల ఏమి చేయుచున్నారో చూచెను. దామెర్ల రామారావుగారి కుంచెను, అడివి బాపిరాజుగారి కలమును కుంచెను, కవికొండల వెంకటరావుగారి కవితను ప్రోత్సహించెను. భీమవరపు ప్రాంతమునుండి వచ్చిన ఆ బాపిరాజుగారే తరువాత ‘నారాయణరావు’ నవల వ్రాసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో కలిసి పంచుకొనిరి. దొర వారికి ప్రతిభను ఇచ్చెనని చెప్పరాదు. ప్రతిభను దాచుకొనవలసిన అవసరము లేకుండ చేసెను. గురువు చేయదగిన ఉపకారములలో ఇది చిన్నది కాదు.

నేడును లెక్కల నోటుపుస్తకము వెనుకపుటలలో కథ కనబడును. ఉపాధ్యాయుని చేతికి అది చిక్కిన క్షణమున రెండు పొరపాట్లు జరుగవచ్చును. పుస్తకము లాగుకొని అందరి యెదుట పరిహసించుట మొదటిది. మెప్పుగానే యైనను, పిల్ల అనుమతి లేకుండ తరగతిలో బిగ్గరగా చదువుట రెండవది. మొదటిది కలమును విరుచును. రెండవది గుట్టును దోచును. మార్కులను గూర్చి తల్లిదండ్రుల బెంగ నిజమైనదే. దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. కాని కథ వ్రాయు పిల్ల వాక్యమును కూర్చుట, మనుష్యులను గమనించుట, మొదలిడిన పనిని ముగించుట తనంతట తానే నేర్చుకొనుచున్నది. ఆ వ్రాత అంత గొప్పది కాకపోవచ్చును. తొలి వ్రాతలు పెక్కు అట్టివే. శ్రద్ధగా చదివి, అంచున ఒక మంచి మాటయు ఒక దిద్దుబాటును వ్రాసి, ఎవరికిని చెప్పక తిరిగి యిచ్చినచో చాలును. గుట్టును ఎప్పుడు విప్పవలెనో ఆ పిల్లయే నిర్ణయించుకొనును.

1956లో రాజమహేంద్రవరమున శ్రీపాదవారికి కనకాభిషేకము జరిగినది. పొలమూరి యింట చదువుగా నెంచబడని తెలుగునకే ఆ బంగారు పూజ. అప్పటికి ఆయనకు అరువదియైదేండ్లు. మరి అయిదేండ్లకు, 1961 ఫిబ్రవరిలో, కన్నుమూసిరి. అంతకాలము పట్టువిడువక నిలుచు గుండె అందరు పిల్లలకును ఉండదు. తన కాగితములను తానే మంటలో వేసిననాటికి ఫ్రాన్సిస్ బర్నీకి పదునైదేండ్లు మాత్రమే.