రెండో గోల్‌కీపర్ విలువెంత?

2025 అక్టోబర్ 18, శనివారం. కాళీపూజకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్. ఒకవైపు మోహన్ బగాన్, మరోవైపు ఈస్ట్ బెంగాల్. అరగంట దాటాక బగాన్ ఆటగాడు జేసన్ కమింగ్స్ పెనాల్టీని వృథా చేశాడు. కాసేపటికే హమీద్ అహదాద్ గోల్ కొట్టి ఈస్ట్ బెంగాల్‌ను ముందుకు తీసుకెళ్లాడు. విరామానికి ముందు అపుయా లెక్క సరిచేశాడు. ఆ తర్వాత అదనపు సమయం కూడా గడిచిపోయింది కానీ ఇంకో గోల్ పడలేదు. ఇక టైబ్రేకరే అనుకుంటున్న సమయంలో ఈస్ట్ బెంగాల్ కోచ్ ఆస్కార్ బ్రూజోన్, అప్పటిదాకా గోల్ కాసిన 24 ఏళ్ల ప్రభ్‌సుఖన్ గిల్‌ను బయటికి పిలిచాడు. అతని స్థానంలోకి 37 ఏళ్ల దేబ్‌జిత్ మజుందార్ వచ్చాడు.

బగాన్ ఐదు కిక్కులు కొట్టింది. ఐదూ గోలే. అవతలి పోస్టులో విశాల్ కైత్, జయ్ గుప్తా కొట్టిన బంతిని ఆపేశాడు. 5-4 తేడాతో, 22 ఏళ్ల తర్వాత షీల్డ్ మోహన్ బగాన్‌కు దక్కింది.

ఓటమి ఒక ఎత్తు, దాని తర్వాత నడిచిన గొడవ ఒక ఎత్తు. గిల్‌ను ఎందుకు తీశారు, ఎవరు తీయమన్నారు అన్న ప్రశ్న దగ్గర కోచ్ బ్రూజోన్‌కూ గోల్‌కీపింగ్ కోచ్ సందీప్ నందీకీ పొసగలేదు. గోవాలో సూపర్ కప్ మొదలుకాకముందే నందీ పదవి వదిలేసి వెళ్లిపోయాడు. నగరమంతా ఈ ఇద్దరి గురించే మాట్లాడుకుంది. మధ్యలో దేబ్‌జిత్ మాత్రం ఐదు బంతులు ఆపలేని మనిషిగా మిగిలిపోయాడు. వయసు మీరిన ఆటగాడిని రెండో గోల్‌కీపర్‌గా తీసుకోవడమే తప్పన్న వాళ్లూ ఉన్నారు.

నాకు ఈ తూకం నచ్చలేదు. క్లబ్బు ఒక సీనియర్‌ను రెండో స్థానానికి తెచ్చుకున్నప్పుడు అతని విలువ కట్టాల్సిన పద్ధతి వేరే ఉంది. ఫుట్‌బాల్ ప్రపంచంలో చాలా తక్కువగా అర్థం చేసుకున్న కొలువుల్లో ఇదొకటి.

హింద్‌మోటార్ కుర్రాడు

హుగ్లీ జిల్లాలో అంబాసిడర్ కార్ల ఫ్యాక్టరీ పేరు మీదే వెలిసిన ఊరు హింద్‌మోటార్. దేబ్‌జిత్ అక్కడివాడు. 2014లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. సరిగ్గా ఆ తర్వాతి సీజన్‌లోనే దేబ్‌జిత్ దశ తిరిగింది. మోహన్ బగాన్‌లో అప్పటికి కెప్టెన్‌గా ఉన్నది కూడా ఒక గోల్‌కీపరే, శిల్టన్ పాల్. కోచ్ సంజయ్ సేన్ మాత్రం దేబ్‌జిత్‌ను పోస్టులో నిలబెట్టాడు. 2015 మే 31న బెంగళూరులో చివరి మ్యాచ్. డ్రా చేస్తే చాలు, ఐ-లీగ్ తమది. 87వ నిమిషంలో బెలో రజాక్ తలతో కొట్టిన గోల్‌తో 1-1 అయింది. 13 ఏళ్ల తర్వాత బగాన్ జాతీయ ఛాంపియన్. మరుసటి ఏడాది ఫెడరేషన్ కప్ కూడా గెలిచింది. బగాన్ అభిమానులు ఆ రోజుల్లో అతన్ని ‘సేవ్‌జిత్’ అని పిలుచుకునేవారు.

ఆ జట్టులో బెంచీ మీద కూర్చున్నది కెప్టెన్ అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఛాంపియన్ జట్టు రెండో గోల్‌కీపర్ ఎలా ఉండాలో దేబ్‌జిత్ ముందుగా చూసింది అక్కడే.

2016 డిసెంబర్ 18 అతని జీవితంలో పెద్ద రాత్రి. కొచ్చిలో ఐఎస్‌ఎల్ ఫైనల్, అతను గోల్ కాస్తున్న అట్లెటికో డి కోల్‌కతా మీద కేరళ బ్లాస్టర్స్. స్టేడియమంతా పసుపు రంగు. 1-1 దగ్గర ఆట ఆగి టైబ్రేకర్ వచ్చింది. కోల్‌కతా తరఫున మొదటి కిక్ ఇయాన్ హ్యూమ్ కొడితే కేరళ కీపర్ గ్రాహం స్టాక్ ఆపేశాడు. తర్వాత కేరళ తడబడింది. సెడ్రిక్ హెంగ్‌బార్ట్ కొట్టిన బంతిని దేబ్‌జిత్ ఆపాడు. జువెల్ రాజా చివరి కిక్‌ను గోల్ చేశాడు. కప్పు కోల్‌కతాకు వచ్చింది.

ఆ రాత్రి కేరళ జట్టులో ఇంకో గోల్‌కీపర్ ఉన్నాడు. వయసు నలభై దాటింది. నాలుగు రోజుల ముందు ఢిల్లీలో జరిగిన సెమీఫైనల్ టైబ్రేకర్‌లో పోస్టులో నిలబడి జట్టును ఫైనల్‌కు చేర్చింది అతనే. ఫైనల్లో మాత్రం చోటు స్టాక్‌దే అయింది. ఆ సీనియర్ పేరు సందీప్ నందీ. 2003లో జకార్తాలో ఈస్ట్ బెంగాల్ ఆసియాన్ క్లబ్ కప్ గెలిచినప్పుడు గోల్ కాసింది కూడా ఈ నందీయే. రెండో గోల్‌కీపర్ బతుకు ఎలా ఉంటుందో మన దేశంలో అతనికంటే బాగా తెలిసినవాళ్లు కొద్దిమందే. తొమ్మిదేళ్ల తర్వాత సాల్ట్‌లేక్‌లో దేబ్‌జిత్‌ను దించిన రాత్రి ఈస్ట్ బెంగాల్ గోల్‌కీపింగ్ కోచ్ అతనే కావడం ఈ కథలో నన్ను చాలాసేపు ఆపేసిన విషయం.

అతన్ని దేనికి తెచ్చుకున్నారు?

దేబ్‌జిత్ 2020-21లో ఈస్ట్ బెంగాల్‌కు మొదటి గోల్‌కీపర్. కొవిడ్ కారణంగా గోవాలో ఖాళీ స్టేడియాల్లో ఆడిన సీజన్ అది. జట్టు అంతంతమాత్రంగా ఆడింది, కీపర్‌కు పని ఎక్కువైంది. తర్వాత మూడేళ్లు చెన్నైయిన్‌లో ఉన్నాడు. 2024లో మళ్లీ ఈస్ట్ బెంగాల్ పిలిచింది. అప్పటికే అక్కడ గిల్ ఉన్నాడు. కేరళకు ఆడుతూ 2021-22 ఐఎస్‌ఎల్‌లో గోల్డెన్ గ్లవ్ అందుకున్న కుర్రాడు. అంటే దేబ్‌జిత్‌కు తాను ఏ స్థానానికి వస్తున్నాడో వచ్చేనాటికే తెలుసు.

విదేశీ ఆటగాళ్ల సంఖ్య మీద పరిమితి ఉండటంతో మన క్లబ్బులు ఆ కోటాను సాధారణంగా గోల్‌కీపర్ మీద ఖర్చుపెట్టవు. స్ట్రైకర్ మీదో డిఫెండర్ మీదో పెడతాయి. కాబట్టి పోస్టులో మనవాళ్లే ఉండాలి. మొదటివాడికి దెబ్బ తగిలినా, రెడ్ కార్డు పడినా అప్పటికప్పుడు ఇంకొకరిని కొనలేరు. గోల్‌కీపర్ కాని ఆటగాడైతే పది స్థానాల్లో ఎక్కడో ఒకచోట సర్దుకుంటాడు. గోల్‌కీపర్‌కు ఒకే స్థానం. అందుకే రెండోవాడి ఎంపిక పెద్ద క్లబ్బుకు చిన్న విషయం కాదు.

మ్యాచ్ రోజున కనిపించని పని ఇంకొకటి ఉంది. గోల్‌కీపర్లు జట్టుతో కాకుండా విడిగా సాధన చేస్తారు. ముగ్గురో నలుగురో, వాళ్లకొక కోచ్. మొదటి కీపర్ మీదికి బంతులు వేసేది, క్రాస్‌లు పంపేది, తప్పు జరిగితే ముందుగా గమనించేది రెండోవాడే. తన స్థానం ఆక్రమించిన మనిషిని రోజూ మెరుగుపరచడం అతని ఉద్యోగం. అసూయ ఉన్నవాడు ఈ పని చేయలేడు. అలాగని మరీ సంతృప్తిగా ఉన్నా పనికిరాడు, ఎందుకంటే మొదటివాడిని వెనక నుంచి తరిమే ఒత్తిడి కూడా అతనే ఇవ్వాలి. కెప్టెన్ బెంచీ మీద ఉన్న జట్టులో గోల్ కాసి, చెన్నైలో చోటు కోసం పోటీపడి, రెండు ప్రత్యర్థి క్లబ్బుల డ్రెస్సింగ్ రూముల్లో బతికిన మనిషికి ఇది చేతనవుతుంది. 24 ఏళ్ల గిల్ పక్కన అలాంటివాడు ఉండటం క్లబ్బుకు లాభమే.

ఎదురు వాదన కూడా బలమైనదే. సీనియర్ కూర్చున్న ఆ చోటులో బెంగాల్ కుర్రాడు ఒకడు ఎదగొచ్చు కదా అంటారు. కోల్‌కతా లీగులో ఆడే పిల్లల్ని చూస్తే నాకూ ఆ బాధ ఉంటుంది. కానీ 20 ఏళ్ల గోల్‌కీపర్‌కు కావాల్సింది మ్యాచ్‌లు. పెద్ద జట్టు బెంచీ మీద కూర్చోబెడితే అతనికి మ్యాచ్‌లు దొరకవు. రెండో స్థానం సీనియర్‌కిచ్చి కుర్రాడిని లీగులో ఆడించడమే ఇద్దరికీ న్యాయం.

ఆ ఐదు కిక్కులు

ఇక అసలు ప్రశ్న. టైబ్రేకర్ కోసమే గోల్‌కీపర్‌ను మార్చడం తెలివా, తెగింపా?

ప్రపంచానికి ఈ ఎత్తును రుచి చూపించింది నెదర్లాండ్స్ కోచ్ లూయీ వాన్ హాల్. 2014 జులై 5న బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో కోస్టారికాతో ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్. 120వ నిమిషం దాటాక సిలెసెన్‌ను తీసేసి టిమ్ క్రుల్‌ను దించాడు. క్రుల్ ఐదు కిక్కులకూ సరైన వైపే దూకాడు, రెండు ఆపాడు. 2022 జూన్‌లో ఆస్ట్రేలియా అదే పని చేసింది. ఖతార్‌లో పెరూ మీద ఆండ్రూ రెడ్‌మేన్ వచ్చి చివరి కిక్ ఆపి, దేశాన్ని ప్రపంచకప్‌కు తీసుకెళ్లాడు. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్లో చెల్సీ కూడా మెండీని తీసి కెపాను దించింది. లివర్‌పూల్ 11 కిక్కులూ గోల్ చేసింది. కెపా తన కిక్‌ను క్రాస్‌బార్ పైనుంచి కొట్టాడు. కప్పు పోయింది. కెపా అంతకు ఆరు నెలల ముందే యూరోపియన్ సూపర్ కప్‌లో ఇదే విధంగా వచ్చి చెల్సీని గెలిపించాడు.

మనిషి అతనే, ఎత్తు అదే, ఫలితం మారింది. 11 మీటర్ల నుంచి కొట్టే పెనాల్టీల్లో నాలుగింట మూడొంతులకు పైగా గోలే అవుతాయి. ఐదు కిక్కులు ఆపలేకపోవడాన్ని గోల్‌కీపర్ అసమర్థత అనడం ఆట లెక్క తెలియకపోవడమే.

నిబంధనలూ మారాయి. 2019 నుంచి కిక్ కొట్టే క్షణంలో కీపర్ కనీసం ఒక పాదం భాగమైనా గీత మీద ఉంచాలి. రెండో పాదం ముందుకు రావచ్చు. 2023లో మాత్రం ఒక అడ్డు పెట్టారు. కొట్టేవాడి దృష్టిని అన్యాయంగా చెదరగొట్టకూడదు, పోస్టునూ వలనూ తాకకూడదు, ఆలస్యం చేయకూడదు. కొచ్చిలో దేబ్‌జిత్ హెంగ్‌బార్ట్‌ను ఆపిన నాటికి ఈ రెండు మార్పులూ రాలేదు. పెనాల్టీ నిపుణుడన్న పేరుతో సీనియర్‌ను ఎంచుకునే కోచ్ ఆ పేరు ఏ నిబంధనల కాలంలో వచ్చిందో చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందస్తు నిర్ణయం. వాన్ హాల్ క్రుల్‌ను దించాక, ఆ నిర్ణయం ఎవరిదని ఎవరూ వెతుక్కోలేదు. ఆలోచన ముందే ఉంది, బాధ్యత కోచ్‌దే. కోల్‌కతాలో ఓడిన తర్వాత ఆ నిర్ణయం ఎవరిదన్న దగ్గరే జట్టు రెండు ముక్కలైంది. ముందే కలిసి కూర్చుని తేల్చుకున్న పథకమైతే ఆ తగాదాకు తావే ఉండేది కాదు. 120 నిమిషాలు ఆటలో తడిసిన గిల్‌ను తీసి, బంతి తాకని మనిషిని దించాలంటే బలమైన కారణం కావాలి. ఆ కారణాన్ని తమదని ఒప్పుకునే మనిషి ఆ రాత్రి ఈస్ట్ బెంగాల్‌లో కనిపించలేదు.

రహీమ్ సాబ్ చేసిన మార్పు

పెద్ద మ్యాచ్‌కు ముందు గోల్‌కీపర్‌ను మార్చడమంటే మన హైదరాబాద్‌కు కొత్త కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో సెమీఫైనల్లో బెంగాలీ కీపర్ ప్రద్యుత్ బర్మన్ గోల్ కాశాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్‌కు మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, జ్వరం నుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను తిరిగి తెచ్చారు. హైదరాబాద్‌లో పుట్టిన తంగరాజ్ కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. ఆ ఫైనల్ భారత్ 2-1తో గెలిచింది. పి.కె. బెనర్జీ, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ మరుసటి జూన్‌లో కన్నుమూశారు. గెలిచాం కాబట్టి ఆ నిర్ణయం గొప్పదైంది. కానీ ఫైనల్ వరకు చేర్చిన బర్మన్‌ను ఈ రోజు తలుచుకునేవాళ్లు తక్కువ.

క్రికెట్‌లో వికెట్‌కీపర్ వృద్ధిమాన్ సాహాది ఇదే దారి. సిలిగురి నుంచి వచ్చి, 2010లో టెస్టుల్లోకి అడుగుపెట్టి, ధోని టెస్టులకు వీడ్కోలు చెప్పేదాకా ఎదురుచూశాడు. అదే సాహాకు 2021 నవంబర్‌లో కాన్పూర్‌లో మెడ పట్టేస్తే విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి రెండు క్యాచ్‌లు పట్టి, ఒక స్టంపింగ్ చేశాడు. అప్పటికి భరత్ ఒక్క టెస్టూ ఆడలేదు. అతను సిద్ధంగా ఉండటం ఆ ఒక్క రోజు పని కాదు.

ఇలాంటి కథలకు అమెరికా ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు నిక్ ఫోల్స్. ఫిలడెల్ఫియా జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్. మొదటివాడు కార్సన్ వెంట్జ్ గాయపడటంతో దిగి, 2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ గెలిపించి, ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అక్కడైనా, ఇక్కడైనా రెండోవాడిని మ్యాచ్ మధ్యలో అకస్మాత్తుగా నెట్టకూడదు. వారాల ముందు నుంచే అతనికి ఆట అలవాటు చేయాలి.

ఆ సీజన్‌లో అందుకు మనకు అవకాశమే తగ్గిపోయింది. హక్కుల ఒప్పందం తేలక 2025 జులైలో ఐఎస్‌ఎల్‌ను వాయిదా వేశారు. మొదటి కీపర్లకే మ్యాచ్‌లు కరువైన చోట రెండోవాళ్లకు ఎక్కడివి? అయినా కోల్‌కతా లీగ్ ఉంది, డ్యురాండ్ కప్ తొలి రౌండ్లు ఉన్నాయి. గిల్‌కు విశ్రాంతినిచ్చి దేబ్‌జిత్‌ను ఆడించడానికి అవి సరిపోతాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 2024లో దేబ్‌జిత్‌ను తీసుకోవడం ఈస్ట్ బెంగాల్ చేసిన మంచి పనుల్లో ఒకటి. షీల్డ్ ఫైనల్లో అతన్ని దించిన పద్ధతి తప్పు. మొదటిది క్లబ్బు తీర్పు, రెండోది కోచింగ్ బృందం తీర్పు. ఈ రెండింటిలోనూ దేబ్‌జిత్ తప్పు లేదు. ఈస్ట్ బెంగాల్ అభిమానులకు ఒక్క విన్నపం: ఇంకెప్పుడైనా డెర్బీలో అతను మైదానంలోకి వస్తే, అక్టోబర్ 18 నాటి ఐదు గోల్స్‌ను అతని ఖాతాలో వేయకండి.