‘సాటియైన సహాయము’: ఫిలిస్ ట్రిబుల్ బైబిల్ వ్యాఖ్యానం

ఒక మతగ్రంథం స్త్రీని తక్కువ చేస్తున్నదని తోచినప్పుడు దానిని విడిచిపెట్టడం ఒక మార్గం. ఎట్లాగో సమర్థించడం మరొక మార్గం. 1970ల నాటి అమెరికాలో రెండు మార్గాలకూ అనుయాయులున్నారు. మేరీ డేలీ వంటి స్త్రీవాదులు క్రైస్తవం నుండే తప్పుకొన్నారు. ఫిలిస్ ట్రిబుల్ ఈ రెంటినీ కాదని, హీబ్రూ మూలాన్ని పదం పదంగా మళ్ళీ చదవడానికి పూనుకొన్నారు.

1932లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్‌లో జన్మించిన ట్రిబుల్ న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో జేమ్స్ మ్యూలెన్‌బర్గ్ వద్ద చదువుకొన్నారు. యోనా గ్రంథంపై చేసిన పరిశోధనకు 1963లో పిహెచ్.డి. పొందారు. వేక్ ఫారెస్ట్, ఆండోవర్ న్యూటన్ సంస్థలలో బోధించిన తరువాత 1979లో యూనియన్‌కే ఆచార్యులుగా తిరిగివచ్చారు. 1994లో సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ అధ్యక్షులయ్యారు.

గురువు ప్రభావం ఆమె పద్ధతిలో స్పష్టంగా కనిపిస్తుంది. అంతకు ముందరి బైబిల్ పాండిత్యం ప్రధానంగా రచన వెనుక ఉన్న మూలాలను, మౌఖిక రూపాలను వెదికేది. పంచకాండాలు ఏ ఏ పొరలతో ఏర్పడ్డాయన్నదే దానికి పెద్ద ప్రశ్న. మ్యూలెన్‌బర్గ్ 1968 నాటి అధ్యక్షోపన్యాసంలో, పొరలను విడదీయడంతో ఆగక, చేతిలో ఉన్న పాఠంలోని పునరుక్తిని, పదాల అమరికను, ప్రకరణాల ఆద్యంతాలను పట్టించుకోవాలని కోరారు. దీనికి ఆయన పెట్టిన పేరు రెటారికల్ క్రిటిసిజం. కావ్యపాఠంలో శబ్దాన్నీ అర్థాన్నీ విడదీయకుండా చదవడం అలవాటైన తెలుగు పండితులకు ఇందులో కొత్తదనం కంటే చిరపరిచయమే ఎక్కువగా తోచవచ్చు. ట్రిబుల్ ఈ సాధనాన్ని స్త్రీవాద ప్రశ్నకు అన్వయించారు. 1973లో ప్రకటించిన వ్యాసంతో మొదలైన ఈ కృషి 1978 నాటి ‘గాడ్ అండ్ ది రెటారిక్ ఆఫ్ సెక్సువాలిటీ’ గ్రంథంలో పూర్తి రూపం పొందింది.

ఆ గ్రంథంలో అత్యధిక చర్చకు గురైనది ఆదికాండము రెండవ అధ్యాయ వ్యాఖ్యానం. దేవుడు ‘అదామా’ నుండి, అంటే నేల నుండి, ‘ఆదామ్’ను చేశాడు. ఈ శబ్దసంబంధాన్ని బట్టి ఆదామ్ మొదట పురుషుడు కాదని, లింగభేదం ఏర్పడని నేలమట్టి జీవి అని ట్రిబుల్ వాదించారు. పురుషవాచకమైన ‘ఈష్’ స్త్రీవాచకమైన ‘ఇష్షా’తో పాటే ఇరవైమూడవ వచనంలో వస్తుంది. కనుక స్త్రీపురుషులిద్దరూ ఒకే క్షణంలో ఏర్పడ్డారనీ, ఒకరు ముందు, ఒకరు వెనుక అన్న వాదానికి ఆధారం లేదనీ ఆమె నిర్ణయం.

ఈ వాదాన్ని తెలుగు పాఠం పక్కన పెట్టి చూస్తే అనువాద సమస్య తేటపడుతుంది. వ్యాప్తిలో ఉన్న పాత తెలుగు బైబిలు ఈష్–ఇష్షా శ్లేషను ‘నరుడు’, ‘నారి’ అన్న జంటతో చక్కగా నిలుపుకొన్నది. అయితే ఏడవ వచనంలోని ఆదామ్‌కు కూడ ‘నరుడు’ అనే వాడి, పందొమ్మిదవ వచనం నుండి ‘ఆదాము’ అని సంజ్ఞానామం చేసింది. దీనితో ఆదామ్‌కూ ఈష్‌కూ మధ్య ట్రిబుల్ చూపిన అంతరం తెలుగు పాఠకునికి కనిపించదు. ఒక శ్లేష దక్కింది, మరొక భేదం జారిపోయింది. కాని ‘ఏజెర్ కెనెగ్దో’ విషయంలో ఇదే అనువాదం ఆమె పక్షాన నిలుస్తుంది. ఏజెర్ అంటే సేవకురాలు కాదని, కీర్తనలలో ఆ పదం దేవునికే వర్తిస్తుందని ఆమె గుర్తుచేశారు. తెలుగులో ఇక్కడా, 121వ కీర్తనలోనూ ‘సహాయము’ అన్న ఒకే మాట ఉంది. పైగా ‘సాటియైన’ అన్న విశేషణం సమానతను దాచలేదు. అట్లే ‘రెహెమ్’ అంటే గర్భం, ‘రహమీమ్’ అంటే కరుణ అని చూపి, దేవుని కరుణకు మాతృత్వ రూపకం ఆధారమని ఆమె వివరించారు. 51వ కీర్తనలో తెలుగు అనువాదకులు ఎన్నుకొన్న ‘వాత్సల్యము’ వత్స శబ్దం నుండి వచ్చింది. అది గర్భం కాకపోయినా, దూడపై ఆవు ప్రేమ.

1984 నాటి ‘టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్’లో ఈ ఆశాభావం కనిపించదు. హాగరు, దావీదు కుమార్తె తామారు, న్యాయాధిపతుల గ్రంథంలో పేరైనా లేని లేవీయుని ఉపపత్ని, యెఫ్తా కుమార్తె అందులోని నలుగురు స్త్రీలు. హాగరును శారా శ్రమపెట్టిన సందర్భంలోని క్రియాపదమే ఐగుప్తులో ఇశ్రాయేలీయుల బాధకూ వాడబడిందని ట్రిబుల్ చూపారు. ఇక్కడ బాధితురాలు ఐగుప్తీయురాలు, బాధించినది ఇశ్రాయేలు కుటుంబం. దేవునికి పేరు పెట్టిన మొదటి వ్యక్తి కూడ ఆ దాసియే. ఉపపత్నిని జనసమూహానికి అప్పగించి, ఆపై ఆమె దేహాన్ని పన్నెండు ముక్కలు చేసిన కథకు ట్రిబుల్ ఏ సమర్థననూ వెదకలేదు. ప్రతి అధ్యాయానికీ సమాధి ఫలకం వంటి ఒక స్మృతిలేఖను ఉంచారు. తొలి గ్రంథం కంటే దీని బలం ఇక్కడే ఉంది. శబ్దవిశ్లేషణ ఏ గ్రంథాన్నైనా రక్షించగలదన్న భ్రమకు ఇది తావివ్వదు.

ఆమె వాదాలు ప్రశ్నలను ఎదుర్కొన్నాయి. పాఠాన్ని మాత్రమే నమ్ముకొంటే దాని వెనుక చరిత్రలో అణగిపోయిన స్త్రీలు చిక్కరని ఎలిజబెత్ షూస్లర్ ఫియోరెంజా అభిప్రాయపడ్డారు. సహాయం చేసేవారు ఎంతటివారైనా ఆ పనిలో ఇతరుల లక్ష్యానికి లోబడే ఉంటారని డేవిడ్ క్లైన్స్ 1990లో వాదించారు. ఏజెర్ గురించిన వాదానికి ఇది గట్టి ఆక్షేపణ. నేలమట్టి జీవి వాదం కూడ పూర్తిగా నిలవదు. ఇష్షా ఏర్పడిన తరువాత కూడ మూలపాఠం పురుషుని ఆదామ్ అనే పిలుస్తుంది. ఆ పదం అర్థం మధ్యలో మారిందని ట్రిబుల్ చెప్పవలసి వచ్చింది.

డెలోరెస్ విలియమ్స్ 1993లో ‘సిస్టర్స్ ఇన్ ది వైల్డర్‌నెస్’ ద్వారా హాగరును నల్లజాతి స్త్రీల అనుభవం వైపు నుండి చదివారు. బానిసత్వం, పరుల కోసం బిడ్డను కనడం, అరణ్యంలో బతుకు వెదుక్కోవడం ఆ పఠనంలో ముందుకు వచ్చాయి. ట్రిబుల్ మాత్రం 1994లో తన పద్ధతిని సూత్రబద్ధం చేస్తూ ఒక గ్రంథం రాశారు. దానికి ఉదాహరణగా ఎన్నుకొన్నది ముప్పై ఏళ్ళ కిందటి తన పరిశోధనాంశమైన యోనా గ్రంథాన్నే.