చిల్లర్ కొనకుండానే ఉప్పునీటి అక్వేరియం కూల్.. రెండు పీసీ ఫ్యాన్లతో!

హైదరాబాద్‌లో మే నెల. ఆఫీసు నుంచి వచ్చేసరికి నా 60 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు 31 డిగ్రీలు చూపిస్తోంది. క్లౌన్‌ఫిష్‌లు రెండూ పైకొచ్చి గబగబా ఊపిరి తీస్తున్నాయి. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది మరి. వాటికి 25–27 డిగ్రీలు ఉండాలి. చిల్లర్ కొందామంటే ఆ డబ్బుతో మంచి మిడ్‌రేంజ్ ఫోనే వచ్చేస్తుంది!

అందుకే పాత సీపీయూ క్యాబినెట్‌లోని రెండు 120 ఎంఎం ఫ్యాన్లు తీసి, 12 వోల్టుల అడాప్టర్‌కి కలిపి, నీటి మీదికి ఏటవాలుగా బిగించా. మూత తీసేసి, చేపలు బయటికి దూకకుండా నెట్ వేశా. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇదీ: లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. ఎస్‌టీసీ-1000 కంట్రోలర్‌ని 26కి సెట్ చేస్తే, మర్నాడు మధ్యాహ్నం కూడా 27 దాటలేదు.

కానీ ఒక తప్పు చేశా. తగ్గిన నీటికి బదులు ఉప్పునీళ్లే పోశా. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు! వారంలో హైడ్రోమీటర్ రీడింగ్ 1.025 నుంచి 1.029కి ఎక్కింది. చేపలు తట్టుకోవాలని దాన్ని మెల్లగా, రోజుకి కొంచెం చొప్పున దించాల్సి వచ్చింది. మీరు మాత్రం రోజూ ఆర్‌ఓ నీళ్లే పోయండి.

విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ చిట్కా అంతగా పనిచేయదు. పొడి ఎండల్లో మాత్రం ఫ్యాన్లే బెస్ట్.